ఫోటోగ్రఫీ: ఇష్టం నుంచి వృత్తి దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోటోగ్రఫీ నేర్చుకోవాలనుకునేవారు, నేర్చుకుంటూ మధ్యలో డీలా పడినవారు, ఉద్యోగం మానేసి ఇదే పని పెట్టుకుందామా అని ఊగిసలాడేవారు నన్ను అడిగే సందేహాలు చాలావరకు ఒకటే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. నా బతుకుతెరువు పెళ్లి ఫోటోలు కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా మండపం నుంచే వస్తాయి. దేనికది విడిగా చదువుకోవచ్చు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

నాది నిజమైన ఇష్టమా, నాలుగు రోజుల మోజా? ఎలా తెలుస్తుంది?

మొదట్లో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఇష్టం లోపల ఎక్కడో సిద్ధంగా ఉంటుందని, దాన్ని కనిపెట్టాకే పని మొదలుపెట్టాలని చాలామంది ఎదురుచూస్తూ ఉండిపోతారు. నేను చూసినంతలో అది పని చేస్తూ ఉంటే ముదిరేదే. ఒక గుర్తు మాత్రం చెప్పగలను. ఫోటోలు తీసిన మర్నాడు మీరేం చేస్తున్నారో గమనించుకోండి. కొత్త లెన్సుల ధరలు చూస్తున్నారా, లేక నిన్నటి ఫోటో తెరిచి "ఈ తాత చెయ్యి అంచున ఎందుకు తెగిపోయింది, రెండడుగులు ఎడమకు జరిగి ఉంటే ఎలా ఉండేది" అని చూస్తున్నారా? తీసిన ఫోటోను మళ్లీ మళ్లీ చూసుకునేవారు ఈ పనిలో నిలబడతారు.

కెమెరా కొనే స్తోమత లేదు. ఫోనుతో నేర్చుకోవచ్చా?

నిక్షేపంగా నేర్చుకోవచ్చు. వెలుగు ఎటు నుంచి పడుతోందో చూడటం, ఫ్రేములో ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడం, సరైన క్షణం దాకా ఆగడం అన్నీ ఫోనుతోనే వస్తాయి.

ఈ పని చేసి చూడండి. మధ్యాహ్నం పూట మీ ఇంటి వీధి గుమ్మం దగ్గర నాయనమ్మను కూర్చోబెట్టండి. ముఖం బయటికి తిరిగి ఉండగా ఒక ఫోటో, పక్కకు తిరిగి ఉండగా ఒకటి, గుమ్మానికి వీపు పెట్టి కూర్చోగా ఒకటి తీయండి. మొదటిదానిలో ముఖం సాఫుగా, ముడతలు పెద్దగా కనిపించకుండా ఉంటుంది. రెండోదానిలో ఒక చెంప వెలుగులో, ఇంకో చెంప నీడలో ఉండి ప్రతి ముడతా, ముక్కుపుడక రాయీ తేలి కనిపిస్తాయి. మూడోదానిలో జుట్టు అంచున సన్నని వెలుగు గీత మిగిలి ముఖం చీకటవుతుంది. స్టూడియోలో ఖరీదైన లైట్లు పెట్టి సాధించేది కూడా వీటినే.

ఫోనులో జూమ్ వాడకండి, దగ్గరికి నడవండి. దూరంగా చెట్టు మీదున్న పిట్ట, చీకట్లో కదిలే మనిషి, గోడంత ప్రింటు ఫోనుకు కష్టం. వాటి అవసరం వచ్చిన రోజున కెమెరా సంగతి చూసుకోవచ్చు.

మొదటి కెమెరా ఏది కొనాలి? ఎంత పెట్టాలి?

అప్పు చేయకుండా కొనగలిగినది కొనండి. లెన్సులు మార్చుకునే వీలున్న పాత డీఎస్ఎల్ఆర్ గానీ (లోపల అద్దం ఉండేది) మిర్రర్‌లెస్ గానీ (అద్దం లేనిది) సెకండ్ హ్యాండులో తీసుకుని, దానికి ఎఫ్ 1.8 ఉండే, అంటే వెలుతురును ఎక్కువగా లోపలికి రానిచ్చే, 50 ఎంఎం లెన్సు ఒకటి జత చేస్తే ఏడాది పాటు నేర్చుకోవడానికి సరిపోతుంది. కంపెనీ ఏదైనా ఫర్వాలేదు. మీ స్నేహితుల దగ్గర ఏ కంపెనీది ఉందో అదే కొంటే లెన్సులు మార్చుకోవచ్చు.

పాతది కొనేటప్పుడు షట్టరు ఎన్ని వేలసార్లు పడిందో అడగండి. లెన్సు వెనక నుంచి ఫోను టార్చి వేసి లోపలికి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు, ఆ లెన్సు వదిలేయండి. సముద్రం దగ్గరి ఊళ్లలో తేమ వల్ల ఇది ఎక్కువ. కొన్నాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి కెమెరా దాచుకోండి.

నాకు నలభై దాటాయి. ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యం కాదా?

జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో కలకత్తాలో పుట్టారు. 1863లో కూతురు, అల్లుడు కానుకగా కెమెరా ఇచ్చేనాటికి ఆమె వయసు 48. అప్పటి ఫోటోగ్రఫీ అంటే గాజు పలకలకు రసాయనం పూసి, తడి ఆరకముందే తీసి కడగాలి. అంత చాకిరీ చేసి ఆమె తీసిన ముఖచిత్రాలను ఫోటోగ్రఫీ చదివే ప్రతి విద్యార్థీ ఈనాటికీ చూస్తాడు. నలభై దాటినవారికి మనుషులతో మాట కలపడం వచ్చి ఉంటుంది. ఎదుటి మనిషి బిగుసుకోకుండా కూర్చోవాలంటే లెన్సు కన్నా అదే ముఖ్యం.

మా ఊళ్లో తీయడానికి ఏమీ లేదు. గండికోటో, లంబసింగో వెళ్తే తప్ప మంచి ఫోటో రాదు కదా?

గండికోట లోయ, లంబసింగి పొగమంచు అందమైనవే. కానీ ఏడాదికొకసారి వెళ్లి తెచ్చే ఫోటో అంతకుముందు వెళ్లినవారు తీసిన ఫోటోలాగే ఉంటుంది. రోజూ చూడగల చోటు మీకు వాళ్లకన్నా ఎక్కువ ఇస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం అనే పల్లె ఉంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా శీతాకాలంలో వచ్చి అక్కడి ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లలను చేస్తాయి. బయటినుంచి వచ్చినవాడు పెద్ద లెన్సుతో పక్షిని మాత్రం తీసుకుని వెళ్లిపోతాడు. పైన చెట్టు మీద కొంగ తన పిల్లకు మేత పెడుతుంటే కింద వాకిట్లో ముగ్గు వేసే దృశ్యం ఆ ఊరివాళ్లకే దొరుకుతుంది. మీ ఊళ్లోనూ అలా మీకే అందుబాటులో ఉన్నది ఏదో ఒకటి ఉంటుంది: మగ్గం, చేపల వేలంపాట, ఐదో నంబరు బస్సు, తెల్లవారుజామున పూల మార్కెట్టు.

## నేర్చుకుంటున్న దశలో

యూట్యూబ్ సరిపోతుందా, కాలేజీలో చేరాలా?

కెమెరా బటన్లు నేర్చుకోవడానికి యూట్యూబ్ బాగా సరిపోతుంది. తెలుగులోనూ మంచి పాఠాలు ఉన్నాయి. మీ ఫోటో చూసి "ఇది బాగాలేదు, ఎందుకంటే..." అని చెప్పే మనిషి మాత్రం అక్కడ దొరకడు. కాలేజీలో దొరికేది ఆ మనిషే. హైదరాబాదు మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీ బీఎఫ్ఏ ఉంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వారి గాంధీనగర్ క్యాంపస్‌లో పీజీ స్థాయిలో నేర్పుతారు.

అంత సమయం, డబ్బు లేనివారికి మూడో దారి ఉంది. మంచి ఫోటోగ్రాఫర్ దగ్గర ఒక పెళ్లిళ్ల సీజన్ అసిస్టెంటుగా చేరండి. లైటు పట్టుకోవడం, బ్యాటరీలు మార్చడం, గ్రూపు ఫోటోకు పెద్దమ్మలను, బాబాయిలను పేరుపేరునా పిలిచి నిలబెట్టడం చేతికొస్తాయి. గొడవ పడుతున్న వియ్యంకుల మధ్య నిలబడి పని ఎలా చేసుకుపోవాలో ఏ కాలేజీలోనూ నేర్పరు.

మాన్యువల్ మోడ్ (కెమెరా సెట్టింగులన్నీ మనమే పెట్టుకోవడం) రాకపోతే ఫోటోగ్రాఫర్ కానట్టేనా?

కాదు. బాగా సంపాదించే ఫోటోగ్రాఫర్లలో చాలామంది అపర్చర్ ప్రయారిటీలో, అంటే లెన్సు రంధ్రం ఎంత తెరవాలో మాత్రం తాము చెప్పి షట్టరు వేగాన్ని కెమెరాకు వదిలేసి, పని చేస్తారు. షట్టరు వేగం (వెలుతురు ఎంతసేపు పడుతుందో), అపర్చర్ (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుంటుందో), ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకు ఎంతగా స్పందిస్తుందో), ఈ మూడింటిలో ఒకదాన్ని మారిస్తే మిగతా రెండింటికీ ఏమవుతుందో తెలిసి ఉండాలి, అంతే. స్టూడియో ఫ్లాషులు వాడేటప్పుడు మాత్రం సాధారణంగా మాన్యువల్ తప్పదు.

ఫోటోలు ఎడిట్ చేయడం మోసం కాదా?

పత్రికకు తీసిన ఫోటోలో ఒక మనిషిని చెరిపినా, చేర్చినా మోసమే. మిగతా చోట్ల వెలుతురు సరిచేయడం, రంగు దిద్దడం పనిలో భాగం. నాకు గట్టి అభ్యంతరం ఉన్నది ఒక్కచోటే: చామనఛాయ పెళ్లికూతురిని ఆల్బంలో తెల్లగా మార్చడం. ఇంట్లోవాళ్లే అడుగుతారు, నిజమే. అలా అడిగినప్పుడు కిటికీ వెలుగులో ఆమెను ఆమె రంగులోనే తీసిన ఫోటో ఒకటి ప్రింటు వేసి చూపిస్తాను. దాన్ని చూశాక ఎక్కువమంది ఆ మాట మళ్లీ ఎత్తరు.

ఏడాదిగా తీస్తున్నాను. ఫోటోలన్నీ ఒకేలా ఉన్నాయి, ఉత్సాహం పోయింది. వదిలేయాలా?

వదిలేయకండి, తీసేవాటిని తగ్గించండి. ఒక చోటు ఎంచుకుని ఆర్నెల్ల పాటు అక్కడికే వెళ్లండి. ఉదాహరణకు మీ దగ్గరి వారపు సంత.

మొదటిసారి వెళ్లినప్పుడు అందరూ తీసేవే మీరూ తీస్తారు: ఎండుమిర్చి రాశులు, గాజుల కొట్టు, బోసినోటి అవ్వ నవ్వు. రెండోసారీ అవే. మూడో నాలుగో వారానికి విసుగొస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి తేలికగా కనబడేవన్నీ అప్పటికి అయిపోయాయి కాబట్టి అసలు చూడటం ఆ విసుగు తర్వాతే మొదలవుతుంది. అప్పుడు త్రాసు పట్టుకున్న చెయ్యి కనబడుతుంది. ముల్లు నిలవకముందే చిటికెన వేలు తట్టను సుతారంగా కిందికి నొక్కడం కనబడుతుంది. కొనే ఆవిడ ముల్లు వైపు కాకుండా ఆ వేలి వైపే చూస్తూ ఉండటం కనబడుతుంది. ఆ రెండూ ఒకే ఫ్రేములోకి రావాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలని, పొద్దున ఎనిమిదిలోపు వెళితే టార్పాలిన్ కింద నుంచి పక్క వెలుగు వస్తుందని మీకు మీరే కనిపెడతారు. ఈలోగా కొట్టువాళ్లకు మీరు అలవాటైపోతారు, కెమెరా వంక చూడటం మానేస్తారు.

దీనికి తోడు ఇంకొకటి చేయండి. నెలకొకసారి మీకు నచ్చినవి కొన్ని పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించి నేల మీద పరచండి. ఒకే మాట చెప్పే రెండు ఫోటోలుంటే ఒకటి తీసేయండి. రెండు మూడు రోజులు అలాగే ఉంచి అటూ ఇటూ తిరుగుతూ చూడండి. ఫోను తెర మీద అద్భుతంగా ఉన్నది మూడో రోజుకు చప్పగా అనిపిస్తుంది, పక్కన పెట్టేసినది పదేపదే పిలుస్తుంది. తర్వాత సంతకు వెళ్లినప్పుడు ఏం వెతకాలో ఆ ప్రింట్లే చెబుతాయి. పట్టుదల అంటే రోజూ వందల ఫోటోలు తీయడమని నేను అనుకోను. ఒకే చోటికి కొత్త ప్రశ్నతో తిరిగి వెళ్లగలగడమే నాకు తెలిసిన పట్టుదల.

ఎంత మంచి ఫోటో పెట్టినా లైకులు రావడం లేదు. ఎవరి కోసం తీయాలి?

వివియన్ మేయర్ అనే ఆవిడ షికాగోలో దశాబ్దాల పాటు పిల్లలను చూసుకునే ఆయాగా పని చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా వీధుల్లో ఫోటోలు తీశారు. లక్షకు పైగా నెగెటివ్‌లు. ఎవరికీ చూపించలేదు. 2007లో అద్దె బకాయి పడ్డ సామాను వేలం వేస్తే అవి బయటపడ్డాయి. ఆమె 2009లో, ఆ పేరు లోకానికి తెలియకముందే చనిపోయారు. ఆమెలాగే అన్నీ దాచుకోమని నేను చెప్పను. చూసేవాళ్లు కావాలి, కానీ వేలమంది అక్కర్లేదు. మీ ఫోటో ముందు కూర్చుని మొహమాటం లేకుండా మాట్లాడే ఇద్దరు ముగ్గురు దొరికితే చాలు.

తెలియనివాళ్లను ఫోటో తీయాలంటే బిడియం. అడిగి తీయాలా, అడగకుండా తీయాలా?

కొత్తలో అడిగే తీయండి. "అన్నా, మీ పని చేసుకుంటూ ఉండండి, ఒక ఫోటో తీసుకుంటాను" అంటే నూటికి తొంభైమంది సరేనంటారు. మొదటి రెండు నిమిషాలు బిగుసుకుపోతారు, తర్వాత పనిలో పడతారు. అప్పుడు తీయండి. తీశాక తెర మీద చూపించండి. వీలైతే మళ్లీ వెళ్లినప్పుడు ప్రింటు ఇవ్వండి. వద్దన్న మనిషిని, ఏడుస్తున్న మనిషిని, స్నానఘట్టాల దగ్గర ఆడవాళ్లను తీయకండి. పిల్లలనైతే తల్లిదండ్రులను అడగాలి.

నేను అమ్మాయిని. రాత్రి ముహూర్తాలు, ప్రయాణాలు అని ఇంట్లో వద్దంటున్నారు. ఏం చెప్పాలి?

వారి భయం వారికి ఉంటుంది, దాన్ని కొట్టిపారేయకండి. అయితే ఇది ఆడవాళ్లకు కొత్త పని కాదని చెప్పండి. మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా. ఆమె తొలి ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆ తర్వాత స్వాతంత్ర్యం వచ్చిన నాటి ఢిల్లీని ఆమె కెమెరా మనకు చూపించింది. 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు. అంతకన్నా ముందే, 1892లో, ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేక స్టూడియో తెరిచి ఒక మహిళకు అప్పగించారు.

ఇప్పుడు పెళ్లికూతురి గదిలో, ఓణీల వేడుకలో, సీమంతంలో, పసిపిల్లల ఫోటోల్లో మహిళా ఫోటోగ్రాఫరే కావాలని కోరేవారు చాలామంది ఉన్నారు. రాత్రి పెళ్లి ఒప్పుకుంటే రానూపోనూ కారు, విడిది గది, తోడుగా ఒక అసిస్టెంటు ఖర్చు పార్టీవారిదేనని ముందే కాగితం మీద రాయించుకోండి. అడగడానికి వెనకాడకండి.

## వృత్తిలోకి దిగేటప్పుడు

ఉద్యోగం ఎప్పుడు మానేయవచ్చు?

పాతకాలపు ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సంగతే చూడండి. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి 1866లో ఇందూరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా పట్టారు. పదేళ్లకు పైగా ఉద్యోగం చేస్తూనే తీశారు. కోటలు, గుళ్లు, సంస్థానాధీశులు, వైస్రాయిలు అందరినీ తీసి పేరు తెచ్చుకున్నాకే, 1880ల మధ్యలో మొదట దీర్ఘ సెలవు పెట్టి, తర్వాత ఉద్యోగం వదిలారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయింది ఆ తర్వాతే.

మీ విషయంలో రెండు చూసుకోండి. మొదటిది, పరిచయం లేనివాళ్లు మీ పని చూసి ఫోను చేస్తున్నారా? బంధువుల పెళ్లిళ్లు లెక్కలోకి రావు. రెండోది, పని లేని నెలలు గడిచే దారి ఉందా? ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో ముహూర్తాలు ఉండవు. గురు మూఢమో, శుక్ర మూఢమో వస్తే ఇంకా కోత పడుతుంది. కొత్త పంచాంగం రాగానే ముహూర్తాల పట్టిక ముందు పెట్టుకుని ఏడాది బడ్జెటు వేసుకోండి. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో లేకుండా రాజీనామా ఇవ్వకండి.

డబ్బు తీసుకోవడం మొదలుపెడితే ఇష్టం చచ్చిపోదా?

ఇష్టం చచ్చిపోయినవాళ్లను చూశాను, ఇంకా పెరిగినవాళ్లను కూడా చూశాను. మొదటి రకంవాళ్లు అందరూ అడిగే ఫోటో తీసి ఇచ్చి, కెమెరా మళ్లీ వచ్చే పెళ్లికే బయటికి తీస్తారు. రెండో రకంవాళ్లు పార్టీ అడిగినవన్నీ తీశాక ఇంకో పది నిమిషాలు తమ కోసం తీసుకుంటారు: వంటవాళ్లు, సన్నాయి ఊది అలసి కునికే ముసలాయన, అప్పగింతలప్పుడు స్తంభం చాటున నిలబడ్డ అన్నయ్య. చిత్రంగా ఆల్బంలో కుటుంబం ఎక్కువసేపు ఆగేదీ ఆ ఫోటోల దగ్గరే.

మొదటి పెళ్లి ఒప్పుకున్నాను. భయంగా ఉంది. దేనికి సిద్ధపడాలి?

అన్నింటికన్నా ముందు జీలకర్ర బెల్లానికి. పెళ్లిలో మిగతావన్నీ రెండోసారి చేయించమని అడగగలరు: దండలు మళ్లీ మార్పించవచ్చు, ఉంగరం మళ్లీ తొడిగించవచ్చు. సుముహూర్తాన్ని మళ్లీ చేయించలేరు.

అది ఇలా జరుగుతుంది. వధూవరుల మధ్య అడ్డుతెర ఉంటుంది. ఇద్దరి చేతుల్లో తమలపాకు మీద జీలకర్ర బెల్లం ముద్ద ఉంటుంది. పురోహితుడు గడియారం చూసి చెయ్యెత్తి "గట్టిమేళం" అంటారు. అప్పటిదాకా తీరిగ్గా సాగిన డోలు, సన్నాయి ఒక్కసారిగా ఉధృతమవుతాయి. చేతులు తెర మీదుగా తలల మీదికి వెళ్తాయి, తెర దిగుతుంది, ఇద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకుంటారు. అదే సెకనులో నాలుగు వైపుల నుంచి అక్షతలు పడతాయి, బంధువులు ఫోన్లెత్తి ముందుకు వస్తారు. మీ వ్యవధి కొన్ని సెకన్లే.

కాబట్టి ముహూర్తానికి అరగంట ముందే మీ చోటు చూసుకోండి. పురోహితుడి దగ్గరికి వెళ్లి "పంతులుగారూ, ముహూర్తమప్పుడు నేను ఈ పక్కన ఉంటాను, కొంచెం చూసుకోండి" అని చెప్పండి. మర్యాదగా అడిగితే ఆయనే పక్కకు జరిగి సాయం చేస్తారు. వీడియో అతనితో మాట్లాడుకుని ఎవరెటో తేల్చుకోండి. ఒకరు వధువు ముఖం వైపు, ఒకరు వరుడి ముఖం వైపు ఉంటే మంచిది. కొత్త బ్యాటరీ, ఖాళీ కార్డు అప్పుడే వేసుకోండి. కళ్లు ఫ్రేము మీద, చెవులు మేళం మీద ఉంచండి. మేళం మారగానే షట్టరు నొక్కడం మొదలుపెట్టండి.

వెలుతురు సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, ఫోటోలో నల్లని పట్టీలుగా పడుతుంది. షట్టరు వేగం సెకనులో 1/100 దగ్గర ఉంచితే ఈ బాధ చాలావరకు పోతుంది. మండపం వెనక ఎల్ఈడీ తెర ఉంటే దాని తీరు వేరు, ముందే తీసి చూసుకోవాలి. పసుపు బట్టలు, పసుపు పూలు, పసుపు లైటు కలిసి ముఖాలను కామెర్లు వచ్చినట్టు చూపిస్తాయి. అందుకే రా ఫైళ్లలో (కెమెరా తనంతట తాను దిద్దకుండా ఉంచే ఫైళ్లు) తీయండి, తర్వాత సరిచేయవచ్చు. తలంబ్రాలు గాల్లో ముత్యాల్లా నిలవాలంటే షట్టరు 1/500 పైన కావాలి. హోమం పొగ మీదికి నేరుగా ఫ్లాషు కొట్టకండి, అంతా తెల్లబడుతుంది.

ఇంకొక మాట. మామూలు కుటుంబ ఫోటోల జాబితా ముందురోజే పెళ్లివారిలో ఒకరి చేత రాయించుకుని, ఆ మనిషినే మీ పక్కన ఉంచుకోండి. మేనత్త ఫోటో తప్పిపోతే ఆ కుటుంబం ఇరవై ఏళ్లు గుర్తుపెట్టుకుంటుంది.

ఎంత అడగాలో తెలియడం లేదు. పక్కవాడు తక్కువకే ఒప్పుకుంటున్నాడు.

పక్కవాడి రేటు నుంచి కాకుండా మీ ఖర్చు నుంచి మొదలుపెట్టండి. ఉదాహరణకు మీ సామాను విలువ 4 లక్షల రూపాయలు, నాలుగేళ్లు పని చేస్తుందనుకుందాం. ఏడాదికి లక్ష. ఏడాదికి 25 పెళ్లిళ్లు చేస్తే ఒక్కో పెళ్లికి సామాను అరుగుదలే 4,000 అయింది. దాని మీద అసిస్టెంటు కూలి, ప్రయాణం, హార్డ్ డిస్కు, ఆల్బం ప్రింటింగు కలపండి. తర్వాత మీ రోజులు లెక్కేయండి. పెళ్లి ఒకటిన్నర రోజు అయినా, ఏరడం, రంగులు సరిచేయడం, ఆల్బం డిజైను, మార్పులు కలిపి వారం పడుతుంది. ఆ వారానికి మీ జీతం ఎంతో వేసుకోండి. వచ్చిన మొత్తానికి తక్కువగా ఒప్పుకుంటే మీ జేబులోంచి పెళ్లి చేస్తున్నట్టే.

అడ్వాన్సు, పెళ్లిరోజు కొంత, ఆల్బం ఇచ్చేటప్పుడు మిగతాది అని మూడు విడతలుగా పెట్టుకోండి. ఆల్బం డిజైనులో ఎన్నిసార్లు మార్పులు చేస్తారో కూడా రాయండి. రాయకపోతే ఆ పని ఎప్పటికీ తెమలదు.

బంధువులు, స్నేహితులు ఉచితంగా తీయమంటారు. కాదంటే చెడ్డవాళ్లం అవుతాం.

రెండు దారులున్నాయి. దగ్గరివాళ్లయితే అతిథిగా వెళ్లి, కానుకగా కొన్ని మంచి ఫోటోలు తీసి ప్రింట్లు ఇవ్వండి. మొత్తం పెళ్లి బాధ్యత మీదే అంటే మాత్రం "బాబాయ్, నా కూలి వదులుకుంటాను, అసిస్టెంటు, ఆల్బం ఖర్చు మీరు పెట్టుకోండి" అని మొదటిరోజే చెప్పండి. సగంలో చెబితేనే మాట పడుతుంది.

నేను తీసిన ఫోటో మీద హక్కు నాదేనా? నా పేజీలో పెట్టుకోవచ్చా?

చాలామంది పొరబడే విషయం ఇది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవారే. మీ కోసం మీరు తీసుకున్నవాటికి మీరే హక్కుదారు. కాబట్టి పెళ్లి ఫోటోలు ప్రచారానికి వాడుకునే అనుమతిని ఒప్పందంలో ఒక వాక్యంగా రాయించుకోండి. హక్కు ఉన్నా లేకపోయినా, వధువు వద్దన్న ఫోటో పెట్టకండి.

జీఎస్టీ, రిజిస్ట్రేషన్లు అవసరమా?

సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీఎస్టీ రిజిస్ట్రేషను తప్పనిసరి. ఉద్యం రిజిస్ట్రేషను (చిన్న వ్యాపారాల నమోదు) ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. మొదటి రోజు నుంచీ వృత్తికి విడిగా బ్యాంకు ఖాతా ఉంచుకోండి.

డ్రోన్ కొంటే లైసెన్సు కావాలా?

250 గ్రాములు, అంతకు తక్కువ బరువున్న వాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతకన్నా బరువైనదాన్ని డబ్బు తీసుకుని ఎగరేస్తే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. విమానాశ్రయాల చుట్టూ, రెడ్ జోనుల్లో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. కల్యాణ మండపం ఏ జోనులో ఉందో బుకింగు రోజే డ్రోన్ జోనుల మ్యాపులో చూసుకోండి.

పెళ్లిళ్లు నాకు పడవు. వేరే దారి లేదా?

చాలా ఉన్నాయి. సినిమా సెట్ల మీద స్టిల్ ఫోటోగ్రాఫర్లు, హోటళ్ల మెనూలకు, చీరల దుకాణాల వెబ్‌సైట్లకు తీసేవారు, భవనాలు తీసేవారు, పత్రికల్లో పని చేసేవారు ఉన్నారు. వీటిలో పని నెమ్మదిగా దొరుకుతుంది కానీ దొరికాక ఏడాది పొడవునా ఉంటుంది. పోచంపల్లి నేతగాళ్ల చీరలను, వాటి అంచు, అల్లిక కనబడేలా తీయగలవారికి ఇప్పుడు మంచి గిరాకీ ఉంది.

## నిలదొక్కుకున్నాక

హార్డ్ డిస్కు పాడై ఒక పెళ్లి మొత్తం పోతుందేమోనని భయం. ఎలా దాచాలి?

మూడు కాపీలు, రెండు వేర్వేరు పరికరాల మీద, ఒకటి వేరే ఇంట్లో. రెండు కార్డులు పట్టే కెమెరా ఉంటే రెండింటిలోనూ ఒకేసారి పడేలా పెట్టండి. పెళ్లయిన రాత్రే, పడుకునే ముందు, కాపీ చేయండి. కాపీ అయ్యాక నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. అంతదాకా కార్డులు ఫార్మాట్ చేయకండి. రా ఫైళ్లలో ఒక పెళ్లి సులభంగా 100 జీబీ దాటుతుంది, కాబట్టి ఎన్ని నెలలు దాచి ఉంచుతారో ఒప్పందంలోనే చెప్పండి.

అందరి చేతిలో ఫోను, పైగా ఏఐ. ఈ వృత్తి ఉంటుందా?

కొంత భాగం పోతుంది, ఇప్పటికే పోయింది. ఒకప్పుడు ఊరి స్టూడియోను బతికించిన పాస్‌పోర్టు ఫోటోలు, రీళ్లు కడిగే పని ఫోనుతో, డిజిటల్‌తో తగ్గిపోయాయి. ఉత్త తెల్ల నేపథ్యం మీద వస్తువు ఫోటో, పోస్టరు బొమ్మ లాంటి పని ఇప్పుడు ఏఐ చేతికి వెళ్తోంది. ఫలానా రోజున ఫలానా తాతగారు మనవరాలి పెళ్లిలో ఎలా నవ్వారో తెలియాలంటే మాత్రం ఒకరు అక్కడ నిలబడి తీయాలి. అలా నిలబడవలసిన పనిని ఎంచుకోండి.

సీజనంతా పెళ్లిళ్లే. నా కోసం తీయడం మానేశాను. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

ఆషాఢం అందుకు చక్కటి నెల. తెలంగాణలో ఉంటే బోనాలు మీ గుమ్మం ముందుకే వస్తాయి. వృత్తి కెమెరా, జూమ్ లెన్సులు ఇంట్లో పెట్టి ఒకే చిన్న లెన్సుతో వెళ్లండి. ఆ ఫోటోలు ఎవరికీ అమ్మకండి, పేజీలోనూ పెట్టకండి. పండుగయ్యాక కొన్ని ప్రింట్లు వేయించి, ఈ పని తెలిసిన ఒక స్నేహితుడిని పిలిచి ఇద్దరూ కూర్చుని చూడండి. మరుసటి ఏడాది అదే గుడికి, అదే వీధికి వెళ్లండి. తేదీ ఇప్పుడే డైరీలో రాసిపెట్టుకుని, ఆ రోజుకు బుకింగు అడిగితే ఖాళీ లేదని చెప్పండి.